దాచుకున్న గుండె

పొట్టేలుగుట్ట కింద, ఇప్పచెట్ల కోనలో దుప్పుల మంద ఒకటి కాపురం ఉండేది. ఆ మందకు ఒక ఆచారం. తెల్లారగానే అందరూ గుట్ట ఎక్కి దిగాలి. కుర్రవాళ్లు పరుగెత్తేవాళ్లు, బిడ్డల తల్లులు వడివడిగా నడిచేవాళ్లు, ముసలివాళ్లు నాలుగు చోట్ల ఆగి, అందరినీ తిట్టుకుంటూ ఎక్కేవాళ్లు. ఆడా మగా, చిన్నా పెద్దా, ఎవరికీ మినహాయింపు లేదు. ఎందుకెక్కుతున్నారయ్యా అంటే మాత్రం ఒక్కరూ చెప్పలేరు. తాతలెక్కారు, మేమూ ఎక్కుతున్నాం అంటారు. కారణం తెలియని మంచి అలవాటును చెడగొట్టడం చాలా తేలిక.

మందకు పెద్ద గంగులు. అతని భార్య ఈరమ్మ. వాళ్ల కూతురు చిలకమ్మకు ఇంకా ఏడాది నిండలేదు. ఈరమ్మకు మొగుడంటే ప్రాణం. ఈ కథంతా ఆ ప్రేమలోంచే వచ్చింది, అందుకే చెప్పడానికి నాకు కష్టంగా ఉంది.

ఒక ఎండాకాలం పొద్దున గంగులు గుట్ట సగంలో ఆగి ఆయాసపడ్డాడు. ముందురోజు ఇప్పపూలు పొట్ట పగిలేలా మేసిన సంగతి అతను చెప్పలేదు, ఆమె అడగలేదు. కాసేపటికి తేరుకుని నవ్వుతూ పైకెక్కేశాడు. ఈరమ్మకు మాత్రం పై ప్రాణాలు పైనే పోయాయి. దిగీ దిగగానే నక్క నాంచారయ్య దగ్గరికి పరుగెత్తింది.

నాంచారయ్యకు సగం పళ్లు రాలాయి. వేట సాగక వైద్యంలోకి దిగాడు.

"మరిదీ, మా ఆయన గుండె దడదడలాడుతోంది. ఏదైనా మందు చెప్పు."

"గుట్ట ఎక్కుతాడా?"

"రోజూ ఎక్కుతాడు."

"అయ్యో వదినా, కొంప ముంచుకున్నారు!" అని నక్క నెత్తి కొట్టుకున్నాడు. "ఒక్కో గుండె ఇన్నిసార్లే కొట్టుకోవాలని బ్రహ్మ ముందే రాసి పంపిస్తాడు. గుట్టెక్కితే మూడు రోజులవి ఒక్క పూటలో అయిపోతాయి. నీ మొగుడు ఆయుష్షంతా ఆ గుట్ట మీదే పారబోస్తున్నాడు."

"నిజంగానా?"

"నా మాట నమ్మకు, నీ కళ్లతో చూడు. కుందేలు పొద్దస్తమానం గెంతుతుంది, నాలుగేళ్లకే పోతుంది. వాగులో తాబేలు తాత? మీ ముత్తాతను కూడా ఎరిగినవాడు. ఆయన ఏనాడైనా పరుగెత్తాడా?"

ఈరమ్మ ఆలోచించింది. తాబేలు తాత పరుగెత్తడం ఆమె ఎన్నడూ చూడలేదు.

"నా సంగతేమిటి మరిదీ?"

"ఆడవాళ్ల గుండెకేం కాదు వదినా. కన్నావు, పెంచావు, ఆ చాకిరీ చాలదూ? హాయిగా కూర్చో."

"పిల్లో?"

"పసిపిల్ల. కొత్త గుండె. ఇప్పట్నుంచే అరగదీయడం దేనికి?"

ఎవరి వయసుకు తగిన సాకు వాళ్లకు దొరికింది. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అంటారు. ఇక్కడ ఆ పాలు కోరింది రోగి కూడా కాదు, రోగి పెళ్లాం.

గంగులు ఒప్పుకోలేదు. "గుట్టెక్కితేనే నాకు ఆకలేస్తుందే. కూర్చుంటే పిచ్చెక్కుతుంది."

"నా మీద ఒట్టు."

"ఈరీ, ఒట్టు తియ్యవే."

"తియ్యను. నువ్వు నాకు కావాలి."

అంతే. గంగులు కూర్చున్నాడు. మిగిలిన మంద తెల్లవారుజామున గుట్టెక్కుతుంటే తలెత్తి చూసేవాడు. చిలకమ్మ తోటిపిల్లల వెంట నాలుగడుగులు వేస్తే తల్లి కేకేసి వెనక్కి పిలిచేది. ఇప్పపూలు రాలడం అయిపోయింది, వానలొచ్చాయి, పచ్చిక మొలిచింది. ఈరమ్మ లేతగడ్డి నోట కరుచుకుని తెచ్చి మొగుడి ముందు పెట్టేది. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. గంగులు కరగలేదు, ఉబ్బాడు. మెడ లావెక్కింది, లేచి నిలబడటానికి రెండుసార్లు ప్రయత్నించాల్సి వచ్చేది.

నక్క వారానికోసారి వచ్చి అతని ఛాతీకి చెవి ఆనించేవాడు. "భేష్! ఆయుష్షు పోగవుతోంది వదినా" అనేవాడు. ఈరమ్మ మురిసిపోయేది.

వానలు వెనకబట్టాక ఒకనాటి మధ్యాహ్నం ఆమె నీళ్లకని వాగుకు వెళ్లింది. ఆ మాత్రం దూరానికే రొప్పుతూ ఒడ్డున చతికిలబడింది. ఇసుకలో పోతున్న తాబేలు తాత తల బయటపెట్టి చూశాడు.

"ఏమ్మా, ఇంతోటి నడకకే ఆయాసమా? ఆరోగ్యం బాగాలేదా?"

ఆమె జరిగిందంతా చెప్పింది. తాబేలు మొదట నవ్వబోయి, మానేశాడు.

"నన్ను సాక్ష్యానికి పెట్టాడా వాడు? ఓ పిచ్చితల్లీ, తెల్లారి పై మడుగులో బయల్దేరితే చీకటి పడేదాకా నా కాళ్లాడుతూనే ఉంటాయి. పరుగు నా వల్ల కాదు నిజమే. నడక ఏనాడైనా మానానా? నేను ఊరికే కూర్చోగా నువ్వెప్పుడైనా చూశావా?"

ఈరమ్మ తల అడ్డంగా ఊపింది.

"గుండె వాడితే అరిగిపోదమ్మా. వాడకపోతేనే మొరాయిస్తుంది. నీకైనా అంతే, నీ పిల్లకైనా అంతే. రేపటి నుంచి నడిపించు. మొదటిరోజు నాలుగడుగులు, తర్వాత ఎనిమిది. ఇన్నాళ్లు కూర్చున్నవాణ్ణి ఒక్కసారిగా పరుగు మాత్రం పెట్టించకు. ఆ గుండె తట్టుకోదు."

ఈరమ్మ ఏడ్చుకుంటూ తిరిగొచ్చింది. దారిలో నక్క ఎదురయ్యాడు. ఆమె కోపం ఆపుకోలేకపోయింది.

"మోసం చేశావు కదా మరిదీ! తాబేలు తాత అంతా చెప్పాడు. రేపట్నుంచి మా ఆయన్ని మెల్లమెల్లగా నడిపిస్తాను. ఒక్కసారిగా పరుగు పెడితే ముప్పట, నిదానంగానే మొదలెడతాను. ఇంక మా గడప తొక్కకు."

నక్క చేతులు జోడించాడు. "పొరపాటైపోయింది వదినా. నీకెలా మంచిదనిపిస్తే అలాగే చెయ్యి."

అతివినయం ధూర్తలక్షణమని ఆమెకు ఆ క్షణాన తట్టలేదు. మోసపోయినవాళ్లు మోసగాడితో చెప్పకూడని మాట ఒకటుంటుంది, రేపేం చేస్తామో. ఈరమ్మ అదే చెప్పేసింది, ముప్పెక్కడుందో కూడా కలిపి.

ఇంటికొచ్చి మొగుడికి చెబితే అతని మొహం వెలిగిపోయింది.

"రేపు తెల్లారగానేనా?"

"నాలుగడుగులే."

"నాలుగేలేవే. ఐదోది వేస్తే నన్ను తన్ను."

చిలకమ్మ ఎగిరి గంతేసింది. వాళ్ల ముగ్గురూ అలా నవ్వుకుని ఎన్నో నెలలైంది. ఆ నవ్వులో ఉండగానే పొదల్లోంచి ఒక అరుపు వినిపించింది.

"రేచుకుక్కలు! రేచుకుక్కలొచ్చేస్తున్నాయ్! గుట్టెక్కండి, గుట్టెక్కండి!"

దుప్పులకు ఆ అడవికుక్కల పేరు చెవిన పడితే ఆలోచన ఉండదు. మందంతా గుట్ట మీదికి దూకింది. గంగులు ముందు కూతుర్ని కొమ్ములతో నెట్టాడు, తర్వాత తానూ పరుగందుకున్నాడు.

"ఆగయ్యా! మెల్లగా!" అని ఈరమ్మ వెనక నుంచి అరిచింది. అతనికి వినపడిందో లేదో తెలియదు.

సగం గుట్ట ఎక్కాడు. ఆగాడు. వెనక్కి తిరిగి భార్య వస్తోందా అని చూశాడు. ముందుకాళ్లు మడతపడ్డాయి. రొప్పుతూ, పడుతూ లేస్తూ ఈరమ్మ చేరుకునేసరికి అతని ఊపిరి ఆగిపోయింది. ఆమె మొహంతో అతని మెడను నెట్టింది. "ఒట్టు తీసేశానయ్యా. తీసేశాను, లే" అంది. చాలాసార్లు అంది.

కుక్కలు రాలేదు. ఒక్కటి కూడా లేదు. పొదల్లోంచి నక్క ఒక్కడే తీరిగ్గా నడిచొచ్చాడు.

"అరిచింది నువ్వేనా?" అంది ఈరమ్మ.

"నేనే."

"నా మొగుణ్ణి చంపావు."

"నేనా? నాకు పళ్లేవి వదినా? ఒంటి మీద ఒక్క గాటుంటే చూపించు. ఇన్ని నెలలు కూర్చోబెట్టిందెవరు? గడ్డి నోటికందించిందెవరు?"

ఈరమ్మ అతని మీదికి వెళ్లింది. గిట్టలతో తన్నబోయింది. నక్క పదడుగులు జరిగాడు. ఆమె పదడుగులు తరిమి, ఊపిరాడక ఆగింది. నక్క మళ్లీ వచ్చాడు. మళ్లీ తరిమింది. నాలుగోసారికి ఆమె రెండడుగుల్లోనే ఆగిపోయింది.

"కూర్చో వదినా" అన్నాడు నక్క, ఎంతో ఆప్యాయంగా. "నాకేం తొందర లేదు."

చిలకమ్మ గుట్ట దిగొచ్చి తల్లి పక్కన నిలబడింది. "పదమ్మా. ఇక్కడే కూర్చుంటే వీడు నిన్ను కూడా తింటాడు."

ఈరమ్మ మొగుణ్ణి ఒక్కసారి వాసన చూసింది. తర్వాత కూతురి భుజానికి ఆనుకుని, రెండడుగులకోసారి ఆగుతూ, మంద ఉన్న వైపు నడిచింది. వెనక్కి చూడొద్దమ్మా అంది కూతురు. ఆమె చూడలేదు. చెవులు మూసుకుందామంటే మాత్రం దుప్పికి చేతులు లేవు.

నీతి: గుండె దాచుకుంటే మిగిలేది కాదు, రోజూ వాడుకుంటేనే నిలిచేది.