ఏడు వరసలు వెనక్కి

ఎంత పెద్ద ప్రశ్న అడిగినా రాహేలమ్మగారు చేతిలో లేసు ఆపేవారు కాదు. నలభై ఏళ్ళు బైబిలు స్త్రీగా, ఇంటింటా బైబిలు చదివి వినిపిస్తూ గోదావరి ఒడ్డు పేటలన్నీ నడిచి తిరిగిన మనిషి. మోకాళ్ళు మొరాయించాక గుడి వసారాలో చాప వేసుకుని, లేసు అల్లే ఆడవాళ్ళకి వాక్యం చెబుతూ, వాళ్ళ పనిలో తప్పులు దిద్దుతూ ఉండేవారు. నేనూ వాళ్ళలో ఒకదాన్ని. దీవెనమ్మ మాత్రం అల్లడం కోసమే కాదు, ఆవిడ దగ్గర నేర్చుకుని తానూ ఆ సేవలోకి రావాలని వచ్చేది.

ఒక శనివారం అంత్యతీర్పు పాఠం అయింది. అందరం సూదులు అందుకున్నాక దీవెనమ్మ అడిగింది.

"అమ్మగారూ, తప్పుకి శిక్ష ఉండాలి, ఒప్పుకుంటాను. అంతులేకుండా ఎందుకండీ? వందేళ్ళో వెయ్యేళ్ళో చాలదా? ప్రేమగల దేవుడు పరలోకం తలుపు మళ్ళీ తియ్యడా?"

రాహేలమ్మగారు తలెత్తి ఆమె మొహంకేసి మామూలుకన్నా ఎక్కువసేపు చూశారు. మర్నాడు నెల మొదటి ఆదివారం, ప్రభువు బల్ల దగ్గరికి వెళ్ళి రొట్టె, ద్రాక్షరసం తీసుకునే రోజు. దీవెనమ్మ ఆ బల్ల దగ్గరికి రాక నాలుగేళ్ళయింది. ప్రతిసారీ చివరి వరసలో తల వంచుకుని కూర్చునేది. ఎందుకని మేమెవరం అడగలేదు. ఆ నాలుగేళ్ళ క్రితమే వాళ్ళమ్మ చనిపోయింది. ఆఖరి రోజుల్లో అమ్మకి గంజైనా పొయ్యలేదని సంఘపెద్దల ముందు దీవెనమ్మ తన అక్క కెజియా మీద చెప్పింది. ఆ మాట పడలేక కెజియా పిల్లల్ని తీసుకుని పంటు ఎక్కి ఏటికి అవతల అత్తవారి ఊరు వెళ్ళిపోయింది. మళ్ళీ ఇటు రాలేదు.

రాహేలమ్మగారు చేతిలో లేసు పక్కన పెట్టారు. "నీ పని ఇలా చూపించు" అన్నారు.

బడిలో పిల్లలకి చెప్పినట్టు చెబుతాను, లేసు తెలియనివాళ్ళ కోసం. గుండ్రటి లేసుని నడిమధ్య నుంచి బయటికి వరస తరవాత వరసగా అల్లుతారు. వరస పెద్దదవుతున్న కొద్దీ కుట్లు పెరగాలి. ఒకచోట లెక్క తప్పి కుట్లు తగ్గాయా, అది నేలమీద చదునుగా పరుచుకోదు. అంచులు పైకి లేస్తాయి. దీవెనమ్మది సరిగ్గా అలాగే లేచి ఉంది. తడిపి చూసిందట, గుండుసూదులు గుచ్చి లాగిందట, గంజి పెట్టిందట. ఆరగానే మళ్ళీ లేచింది.

పక్కనున్న సాలమ్మ ఊరుకోలేదు. "పువ్వు అల్లమంటే గిన్నె అల్లావేంటే, పచ్చడి వడ్డిస్తావా?" అంది. అందరం నవ్వాం. రాహేలమ్మగారు నవ్వలేదు.

"తప్పు ఎన్నో వరసలో ఉంది?"

"నాలుగో వరసలో అండి."

"ఎప్పుడు తెలిసింది?"

దీవెనమ్మ లేచిన అంచుని వేలితో నొక్కింది. "అల్లుతున్నప్పుడేనండి. పైవరసల్లో సర్దుకుంటుందిలే అనుకున్నాను" అంది. పైన ఇంకా ఏడు వరసలు అల్లింది.

రాహేలమ్మగారు సాలమ్మని తన గదికి పంపి, ట్రంకుపెట్టె అడుగునున్న బల్లగుడ్డ తెప్పించారు. పాతబడి పసుపురంగుకి తిరిగిన గుడ్డ. గుండ్రటి లేసులు పక్కపక్కన కలిపి కుట్టినది. చాపమీద పరిస్తే నడిమధ్య ఒక్కటి మాత్రం బొడిపెలా లేచి నిలబడింది.

"పెళ్ళికి ముందు అల్లాను. తప్పని తెలిసీ మధ్యలో పెట్టి కుట్టేశాను, అక్కడైతే ఎవరూ చూడరని. దారం తెంచాను. కొసలు లోపలికి కుట్టేశాను. యాభై ఏళ్ళయింది. దీన్ని ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. ఇప్పుడు నేనెంత ఏడ్చినా ఇది వినదు, అంతే." ఆవిడ అరచేత్తో ఆ బొడిపెని నొక్కి వదిలారు. అది మళ్ళీ లేచింది.

తరవాత దీవెనమ్మ ఒళ్ళోకి చూశారు. ఆమె లేసు నుంచి దారం ఇంకా ఉండ వరకూ సాగే ఉంది. తెంచలేదు.

దీవెనమ్మ సూది తీసేసి దారం పట్టుకుని లాగింది. మొదట మెల్లిగా, తరవాత గబగబా. మూడు రోజుల పని మా కళ్ళముందే కరిగిపోయింది. ఏడు వరసల దారం వంకీలు తిరిగి ఆమె ఒళ్ళో కుప్ప పడింది. ఆ వంకీలు చూసి ఆమె కత్తెరకోసం చెయ్యి చాపింది.

"కత్తెర ముట్టుకోకు" అన్నారు రాహేలమ్మగారు. "తడిపితే వంకీలు పోతాయి. దారం మంచిదే."

నాలుగో వరస దగ్గరికి వచ్చేసరికి దీవెనమ్మ చెయ్యి ఆగిపోయింది. అప్పుడు, తల ఎత్తకుండానే, మా అందరిముందూ చెప్పింది. అమ్మకి గంజి పోసింది అక్కేనట, చివరి చెంచాదాకా. తాను వచ్చేసరికే అమ్మ కన్నుమూసిందట. అన్నాళ్ళూ అమ్మ దగ్గరికి రానిది తానేనని పదిమందీ అంటారేమోనన్న భయంతో ఆ మాట అక్క మీదికి తోసేసిందట. సాలమ్మ లేచి కూజాలోంచి నీళ్ళు వంచి ఆమె చేతికిచ్చింది.

దీవెనమ్మ ఆ నాలుగో వరస కూడా విప్పింది. లేసునీ దారపు ఉండనీ ఒక గుడ్డలో చుట్టి రాహేలమ్మగారి పక్కన పెట్టింది. లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. మెట్లదాకా వెళ్ళి ఆగింది.

"అక్క తలుపు తీస్తుందంటారా, అమ్మగారూ?"

రాహేలమ్మగారు తన లేసు మళ్ళీ అందుకుంటూ గోడమీది గడియారంకేసి చూశారు.

"ఆఖరి పంటు ఆరింటికి, దీవెనా. ఇప్పుడు నాలుగే అయింది."