మంచులో కొండదారి

భద్రకుడికి ఆ ఉదయం ఒక్కటే బెంగ. పడవ.

కృష్ణ ఒడ్డున కొండమీద ఒక విహారం ఉండేది. అక్కడికి చదువుకోవడానికి వచ్చినవాడు రెండు విద్యలు పట్టాలి. ఒకటి తనకు నచ్చింది, ఏదైనా సరే. ఊళ్లకు ఉపాధ్యాయుడిగా వెళ్లాలనుకుంటే రెండోది బోధన. భద్రకుడు గణితమూ బోధనా పట్టాడు. గణితంలో అతన్ని మించినవాడు ఆ కొండమీద లేడు. ఆ మాట అందరికంటే ముందు అతనే చెప్పేవాడనుకోండి.

బోధన పూర్తయిందనిపించుకోవాలంటే సూత్రాలన్నీ కంఠస్థం చేయాలి. ఆ తర్వాత ఒక వానాకాలమంతా పసివాళ్ల తరగతిలో, వెనక వరసలో, నోరు మెదపకుండా కూర్చోవాలి. సూత్రాలు భద్రకుడికి మంచినీళ్లప్రాయం. వెనక వరసే గొంతులో వెలక్కాయ.

అంతలో అతని సొంత రేవుపట్నం నుంచి కబురొచ్చింది. బడి కట్టుకున్నారట, ఉపాధ్యాయుణ్ణి పంపమన్నారు. వానలకు ముందు వెళ్లేది ఒకటే పడవ. తను పుట్టిన వీధిలో, ఆ ఉప్పుగాలిలో, తన ఊరి పిల్లలకు లెక్కలు చెప్పాలని భద్రకుడు ఊహ తెలిసిన నాటినుంచీ కలలు కంటున్నాడు. అతను వెళ్లకపోతే సుమనుడు వెళతాడు. సుమనుడికి భాగహారం ఇప్పటికీ తడబాటే. కానీ కిందటి వానాకాలం వెనక వరసలో కూర్చుని చదువు పూర్తి చేసుకున్నాడు.

భద్రకుడు తిన్నగా గురువుగారు ధర్మనంది స్థవిరుల దగ్గరికి వెళ్లాడు.

"భంతే, పసివాళ్ల కూడికలూ తీసివేతలూ వింటూ కూర్చుంటే నాకు కొత్తగా వచ్చేదేముంది? ఆ ఒక్క నియమం నాకు సడలించండి. పడవ ఎల్లుండే."

ముసలాయన చెప్పుల కోసం కాలితో తడుముకుంటున్నారు. ఆయన కళ్లకు పొరలు కమ్మి చాలా కాలమైంది.

"పై గుహలో బుద్ధుడికి పూలు పెట్టి రావాలి నాయనా. మంచు దట్టంగా ఉన్నట్టుంది. దారి చెబుతూ తీసుకెళ్తావా?"

భద్రకుడి గుండె గంతేసింది. ఇదే నాకు పరీక్ష అనుకున్నాడు. అనుకున్నది తప్పేమీ కాదు.

బయట కొండ కొండంతా పాలలో నానేసినట్టుంది. చెట్లు మాయమయ్యాయి. లోయలో నది ఎక్కడో నిద్రలో పలవరిస్తోంది. భద్రకుడికి ఆ దారి కొట్టినపిండి. ముందు నడుస్తూ అందుకున్నాడు.

"భంతే, ఈ దారి మూడు భాగాలు. మొదట రాతిమెట్లు, తర్వాత ఊట, ఆపైన సన్నటి చరియ. ఇప్పుడు మెట్ల సంగతి చెబుతాను..."

చెప్పబోయేది ముందు చెప్పాలి, తర్వాత చెప్పాలి, చెప్పింది మళ్లీ చెప్పాలి. సూత్రం అదే. భద్రకుడు ఒక్క అక్షరం జారనివ్వలేదు. ఏ మెట్టు పాకుడు పట్టిందో, ఏ కొమ్మ మొహానికి తగులుతుందో పూసగుచ్చినట్టు చెప్పాడు. మధ్యమధ్య "అర్థమైందా భంతే?" అని అడిగేవాడు. రాళ్లకు తగిలి అతని గొంతే మెత్తగా తిరిగొచ్చేది. గురువుగారు ఊఁకొట్టారనుకుని సాగిపోయేవాడు.

పోనుపోను ఆ తెల్లదనంలో పిల్లల మొహాలు కనిపించసాగాయి. రేవుపట్నం పిల్లలు, వరసలు వరసలుగా, నోళ్లు తెరుచుకుని తననే చూస్తున్నారు. వాళ్ల వెనకాల సముద్రం హోరు. తను కొండెక్కుతున్నాడో పడవలో ఊగుతున్నాడో భద్రకుడికే తెలియలేదు. ఎంత హాయిగా ఉందో! తన గొంతు తనకే అంత తీయగా ఎన్నడూ వినిపించలేదు.

గుహ వచ్చేసింది.

"ఇదీ దారి భంతే. చెప్పినదంతా మరొక్కసారి..." అంటూ వెనక్కి తిరిగాడు.

మంచు తప్ప ఎవరూ లేరు.

"భంతే!"

పలుకు లేదు. చరియ పక్కన లోయ గుర్తొచ్చింది. సూత్రాలన్నీ మరిచిపోయి పరుగందుకున్నాడు. చరియ దిగాడు, ఊట దాటాడు, పాకుడుమెట్టు మీద తనే జారిపడి లేచాడు. దారి పొడవునా పిలుస్తూనే ఉన్నాడు. అతనికి ఏడుపొచ్చేసింది.

మెట్లదారి మొదట్లోనే, ఒక రాతిమీద, ధర్మనంది స్థవిరులు పూలసజ్జ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. ఒక చెప్పు చేతిలో ఉంది.

"దారి తప్పారా భంతే?"

"ఇంకా దారిలో పడితేగా తప్పడానికి? చెప్పు పట్టీ ఊడింది. ఆగిపోయాను."

"అయ్యో, నన్ను పిలవలేకపోయారా?"

"పిలిచాను నాయనా," అన్నారాయన, నిష్ఠూరమేమీ లేకుండా. "నువ్వు చెబుతున్నావు."

భద్రకుడు కింద కూర్చున్నాడు. చెప్పు అందుకుని పట్టీ దూర్చి ముడి వేశాడు. ఆయన పాదం ఒళ్లోకి తీసుకుని చెప్పు తొడిగాడు. ఆ పాదం ఎంత సన్నగా ఉందో ఇన్నేళ్లలో అతను చూసుకోలేదు.

ఈసారి ముందు నడవలేదు. ఆయన చేయి తన భుజంమీద వేసుకుని పక్కన నడిచాడు. ఒక్క మాటా చెప్పలేదు. రోజూ తను దాటే మెట్టే ముసలికాలికి ఎంత ఎత్తో చూశాడు. ఆయన ఊపిరి కుదుటపడేదాకా ఆగాడు. తను గడియలో ఎక్కే కొండకు పూటంతా పట్టింది.

గుహలో పూలు పెట్టి, ధర్మనంది స్థవిరులు గట్టుమీద చేరగిలబడ్డారు. కింద మంచు అలాగే ఉంది. నది కనపడలేదు, చప్పుడే వస్తోంది.

"ఎల్లుండి పడవలో ఎవర్ని పంపమంటావు?" అన్నారు.

భద్రకుడు రేవుపట్నం ఉన్న దిక్కుకు చూశాడు.

"సుమనుణ్ణి పంపండి, భంతే."