పచ్చిగడ్డి దండల సభ

ఆ ఎండాకాలం అడవి అంచు పట్టణంలో గడ్డిపరక మిగల్లేదు. మిగిలింది ఒక్క మడుగు. అందులోకీ దుమ్ములగొండి తోళ్ల కొట్టం నుంచి మురుగు దిగడం మొదలైంది. ఆ నీళ్లు తాగి కర్రిగేదె పోలమ్మ దూడ కడుపుబ్బి పడిపోయింది.

పట్టణానికి ఛైర్మన్ నక్క. దుమ్ములగొండితో దానికి ప్రాణస్నేహం. "మురుగు కాల్వను శాశ్వతం చేసే తీర్మానం సభకు వస్తోంది. అభ్యంతరాలుంటే వచ్చి నోటితో చెప్పండి" అని చాటింపు వేయించింది.

ఊరు తన తరఫున ముగ్గురిని పంపింది: పోలమ్మ, మేక, గాడిద.

"వదినా, నువ్వే మాట్లాడాలి," అంది మేక దారిలో. "బిడ్డ పడుంది. నువ్వు నోరు తెరిస్తే రాయైనా కరుగుద్ది."

"నేనూ అందుకుంటా," అంది గాడిద.

"నువ్వు ఊరుకో బావా! నీ గొంతుకు సభే ఖాళీ అయిపోద్ది."

"అడగందే అమ్మైనా పెట్టదు," అంది పోలమ్మ. "అమ్మనే అడగాల్సొస్తే, నక్కని అడగొద్దూ? అడుగుతా."

సభలో అడుగు పెట్టారో లేదో, నక్క కుర్చీ దిగి పరుగున ఎదురొచ్చింది. నక్క వినయాలని వినడమేగానీ, ఆ రోజు కళ్లారా చూశారు.

"పోలమ్మత్తా! మీరు కింద కూర్చోవడమేంటి? వేదిక మీదకు దయచేయండి. ముందు సన్మానం, తర్వాతే సమస్యలు."

"సన్మానాలొద్దయ్యా, మా మడుగు..."

"అయ్యయ్యో! ఇంత పెద్దవాళ్లను వట్టి మెడతో మాట్లాడిస్తే మా సభకు మర్యాదా?"

దండలు తెచ్చారు. పూలవి కావు. నక్క పెరట్లో నీళ్లు పోసి పెంచి, అప్పుడే కోసిన లేత పచ్చిగడ్డి దండలు! తడి కూడా ఆరలేదు. సరిగ్గా మూతికి అందేలా, ఒత్తుగా వేశారు.

"ఒక్క పరకే," అంటూ మేక కొరికింది. గాడిద ఆ మాట కూడా అనలేదు.

"ఛీ, తినకండర్రా! దేనికొచ్చాం మనం?" కసిరింది పోలమ్మ.

"నమిలేసి మాట్లాడొచ్చులే వదినా. సభ ఎక్కడికి పోద్ది?"

పోలమ్మ కళ్లు మూసుకుంది. వాసనకు కళ్లతో పనేముంది? ఎన్నాళ్ల పస్తులో! ఒక్క మూతిపట్టు లాగింది. ఆ వెనకే ఇంకొకటి.

అదను చూసి నక్క గొంతు సవరించుకుంది. "మడుగులోకి మురుగు కాల్వ. శాశ్వత అనుమతి. అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పండి!"

పోలమ్మ ఉలిక్కిపడి లేచింది. నోరు తెరిచింది. మాట రాలేదు, గడ్డి వచ్చింది. గబుక్కున మింగబోతే గొంతుకు అడ్డం పడింది. గాడిద ఓండ్ర "మ్మ్" దగ్గరే ఆగిపోయింది. మేక దవడలు మాత్రం ఆడుతూనే ఉన్నాయి.

"మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు," అంది నక్క చిద్విలాసంగా. "ఇక్కడ మూడు మౌనాలు. అంటే ఒకటిన్నర అంగీకారం! తీర్మానం నెగ్గింది. సభ ముగిసింది."

ముందు వరసలో దుమ్ములగొండి పగలబడి నవ్వింది.

"అన్యాయం!" అప్పటికి మింగి, గావుకేక పెట్టింది పోలమ్మ.

"అయ్యో, ఇప్పుడా అత్తా? మిగిలిన దండ ఇంటికి పట్టుకెళ్లండి. మీదే."

ముగ్గురూ తలలు దించుకుని ఇంటిదారి పట్టారు. మోసం చేసింది నక్కే, కాదనేదెవరు? మరి తిన్నదెవరు? కొట్టి నోరు మూయించలేదు, గుంజకు కట్టేయలేదు. మేపారు!

పోలమ్మ ఇల్లు చేరేసరికి దూడ నేలమీది నుంచే తల ఎత్తింది. ఒంగిన తల్లి మూతిని వాసన చూసింది.

"అమ్మా, గడ్డి తిన్నావా? ఎక్కడ దొరికిందే? మరి... మన నీళ్ల గురించి ఏం చెప్పావు?"



నీతి: గోడు చెప్పుకోమని పిలిచినవాడు ముందు నోటికేదో అందిస్తుంటే, నోరు తెరవాల్సింది తినడానికి కాదు, అడగడానికి.