గూటి గుర్తు

మల్లీశ్వరికి ఆ వేసవిలో అన్నం సయించలేదు. నంద్యాల దాపున నల్లరేగడి చేలల్లో తీతువు పిట్టల మీద పరిశోధన చేస్తోంది. వెతికి వెతికి పట్టుకున్న గూళ్ళు ఒకటొకటిగా ఖాళీ అయిపోతున్నాయి. నిన్న ఉన్న గుడ్లు ఇవాళ ఉండవు.

తీతువు గూడంటే పుల్లలూ పీచూ ఏమీ ఉండవు. చేలో నేలమీదే చిన్న గుంట, అందులో మట్టిరంగు గుడ్లు నాలుగు. పక్కనే నిలబడ్డా కంటికి ఆనవు. అందుకే దుక్కి దున్నేటప్పుడు ట్రాక్టరు కింద నలిగిపోతాయి. మల్లీశ్వరి రైతులను బతిమాలి, ప్రతి గూటి పక్కనా నిలువెత్తు కర్ర పాతి, కొసకు ఎర్రగుడ్డ కట్టింది. రైతులు నవ్వుకుంటూనే ఆ కాస్త జాగా వదిలి దున్నారు. ఒక్క గుడ్డూ పగల్లేదు. ఆ రోజు ఆమె కాళ్ళు నేలమీద నిలవలేదు.

గుడ్లు పోవడం ఆ తర్వాతే మొదలైంది. ఒక పొద్దున వెళ్ళేసరికి తల్లిపిట్ట ఖాళీ గుంటలో కూర్చుని పొదుగుతోంది. మధ్యమధ్య లేచి, లేని గుడ్లను ముక్కుతో సర్దుకుని మళ్ళీ కూర్చుంటోంది. మల్లీశ్వరి గట్టుమీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

ఏడుపు తీరాక కోపం వచ్చింది. కోపానికి ఒక మనిషి కావాలి కదా. గొర్రెలు మేపుకునే ఓబులేసు దొరికాడు. అతని కుక్కలే తింటున్నాయని తనకు తానే తీర్పు చెప్పుకుని, ఖాదర్ సారుకు కబురు పెట్టింది.

ఆమెకు పిట్టల చదువు చెప్పింది ఆయనే. ఉద్యోగం మానేసినా శిష్యులు పిలిస్తే కాదనరు. ఇప్పుడు రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయి. పిట్టను కూతతోనూ, మనిషిని గొంతుతోనూ పోల్చుకుంటున్నారు. అయినా వచ్చి చేని గట్టుమీద నిలబడ్డారు.

"సార్, ఊరి పెద్దలతో మీరొక మాట చెప్పండి. ఓబులేసు మందను ఈ పక్కకు రానియ్యొద్దని."

"మరి అతని గొర్రెలు ఏం తినాల?"

"గుడ్లన్నీ పోతాండాయి సార్!"

ఆయన చెప్పులు గట్టుమీద విడిచి, "నువ్వు ఇక్కడే ఉండు. నాకు దారి చెప్పొద్దు" అని చేలోకి దిగారు.

పెళ్ళలు లేచిన దుక్కి. పెద్దాయన ఎక్కడ పడతారోనని మల్లీశ్వరి గట్టు అంచుకు వచ్చి చూస్తోంది. ఆయన పడలేదు. నేరుగా ఒక గూటి దగ్గరికి వెళ్ళి, వంగి, ఖాళీ గుంటను వేళ్ళతో తడిమారు. అక్కడినుంచి మరో గూటికి, ఆపైన ఇంకోదానికి నడిచారు. ఎక్కడా వెతుక్కోలేదు.

గుడ్లు మిగిలింది చిట్టచివరి గూట్లోనే. దాని కర్రమీద కాకి ఒకటి వాలి కిందికి చూస్తోంది. తీతువు దాని నెత్తిమీద అరుస్తూ గిరికీలు కొడుతోంది. సారు దూరంగానే ఆగి గట్టిగా చప్పట్లు చరిచారు. కాకి లేచింది. ఎగిరి, పక్క గూటి కర్రమీద వాలింది. అక్కడ కాసేపు కూర్చుని, ఆ తర్వాతి కర్రమీదికి పోయింది.

ఆయన మెల్లగా గట్టుమీదికి వచ్చారు.

"నేను దారి తప్పినానా?"

"లేదు సార్."

"నాకు నీ ముఖమే ఆనడం లేదు తల్లీ."

మల్లీశ్వరి చేనువైపు చూసింది. కనుచూపు మేర ఒకే నలుపు. అందులో ఎర్రగుడ్డలు మాత్రమే ఎగురుతున్నాయి.

"దున్నకం అయిపోయింది కదా. కర్రలు ఇంకా ఎవరికోసం?"

"నాకోసమే సార్. దినమూ వచ్చి చూసుకోవాల కదా. కర్ర లేకుంటే... లేకుంటే నాకు గూడు దొరకదు."

ఆ మాట తన నోటినుంచే వచ్చాక ఇక అక్కడ నిలబడలేకపోయింది. చేలోకి దిగింది. ఒక్కొక్క కర్రా పెరికి చంకన పెట్టుకుంటూ పోయింది. చివరిదాని దగ్గర మాత్రం చేయి ఆడలేదు. ఏడాది కష్టంలో ఆమెకు మిగిలిన గూడు అదొక్కటే. ఈ కర్ర తీస్తే గూడు మళ్ళీ కనపడదు. నాలుగు గుడ్లు ఇంకా ఉన్నాయి. తీతువు ఆమె తలకు తగిలేంత కిందికి దిగి అరుస్తోంది. కళ్ళు మూసుకుని కర్ర పెరికేసింది.

గట్టెక్కి వెనక్కి తిరిగింది. గూడు ఎక్కడుందో అప్పటికే తెలియకుండా పోయింది. కాసేపటికి అరుపూ ఆగిపోయింది.

కళ్ళు తుడుచుకుని అడిగింది: "ఇంక పిల్లలయినాయో లేదో నాకెట్లా తెలుస్తుంది సార్?"

ఖాదర్ సారు వంగి, చేతులతో తడుముకుంటూ చెప్పులు వేసుకున్నారు.

"పిట్టకు తెలుస్తుందిలే తల్లీ."