తెర వెనక మేట్నీ

గురువుగారి ముఖం మీద 'ఇక మీరు వద్దు' అని చెప్పడం ఎలాగో కిరీటికి ఎవరూ నేర్పలేదు. మిగతావన్నీ ఆ గురువుగారే నేర్పారు.

కిరీటి సినిమా దర్శకుడు. అంతకుముందు ఆరేళ్ళు ఎడిటర్ సింహాద్రి మాస్టారి దగ్గర అసిస్టెంటు. కృష్ణానగర్‌లో మాస్టారి ఎడిటింగ్ గదిలోనే అన్నం తిన్నాడు, చాప వేసుకుని అక్కడే పడుకున్నాడు, తిట్లు కూడా అక్కడే తిన్నాడు. డైరెక్టరయ్యాక తీసిన పెద్ద సినిమా 'నల్లగొంగడి'. గొర్రెలు కాసుకునే బీరయ్య భుజాన నల్లటి గొంగడి వేసుకున్నాడంటే ఆకాశంలోకి లేస్తాడు, కూలిపోతున్న వంతెనని వీపుతో ఆపుతాడు. అదీ కథ. మన గడ్డ మీద పుట్టిన సూపర్‌హీరో అని మొదట్నించీ జనం ఆశగా చూశారు.

సినిమా మొత్తం మూడు గంటల ఆరు నిమిషాలు వచ్చింది. సింహాద్రి మాస్టారు కూర్చుని దాన్ని రెండు గంటల పద్దెనిమిదికి దించారు. విడుదలైంది. ఆడిందంటే ఆడింది, లేదంటే లేదు. అట్లా మధ్యలో వేలాడింది.

అప్పుడు చేశాడు కిరీటి ఆ పిచ్చి పని. ఒక ఇంటర్వ్యూలో, ఎక్కడ దెబ్బతిందండీ అని అడిగితే, "నేను తీసిందంతా మీరు చూళ్ళేదు. సగం కత్తెర మింగేసింది" అన్నాడు. పేరు చెప్పలేదు కదా అని తర్వాత తనకి తానే సర్దిచెప్పుకున్నాడు. కత్తెర ఎవరి చేతిలో ఉందో టైటిల్స్‌లో రాసే ఉంది మరి.

అభిమానులు ఊరుకుంటారా? గొంగడి దండు అని పేరు పెట్టుకున్నారు. 'మా గొంగడి మాకివ్వండి' అని రెండు నెలలు హోరెత్తించారు. నిర్మాత గాలి ఎటు వీస్తోందో చూసి, కోసిన నలభై ఎనిమిది నిమిషాలూ మళ్ళీ కలిపి డైరెక్టర్ కట్ అని థియేటర్లలోకి వదిలాడు. నడి మే నెల ఎండలో కుర్రాళ్ళు గొంగళ్ళు కప్పుకుని, చెమటలు కక్కుతూ థియేటర్లకి ఊరేగింపుగా వెళ్ళారు. కటౌట్లకి పాలు పోశారు. 'ఇదీ సినిమా అంటే' అని ఒకడు, 'ఆకాశంలో పదకొండు నిమిషాల యుద్ధం చూసి ఏడ్చేశాను' అని ఇంకొకడు రాశాడు. 'నడుం పట్టేసింది, పాతదే నయం' అన్నవాడిని పదిమంది కలిసి చీల్చి చెండాడారు. కిరీటి పొద్దున్న లేచింది మొదలు ఫోన్ పట్టుకుని ఇవన్నీ చదివేవాడు. వందమంది పొగిడినా కడుపు నిండేది కాదు. ఒక్కడు తిడితే మాత్రం అన్నం సహించేది కాదు.

రెండో భాగం మొదలుపెట్టే రోజు దగ్గరికొచ్చింది. అభిమానులది ఒకటే మాట, ఆ ముసలాయన వద్దు. నిర్మాతదీ అదే మాట. శుక్రవారం సాయంత్రం ఆరింటికి కొత్త ఎడిటర్ పేరు ప్రకటిస్తామని చెప్పేశాడు. పేపర్లో చూసి తెలుసుకునే ఖర్మ మాస్టారికి పట్టించకూడదని, తనే వెళ్ళి చెప్పి వద్దామని, ఆ శుక్రవారం పన్నెండున్నరకి కిరీటి మాస్టారింటి తలుపు కొట్టాడు.

తలుపు తీసింది మాస్టారి కూతురు వైదేహి. ఒకప్పుడు అన్నయ్యా అంటూ ఎదురొచ్చే పిల్ల. రండి అంది, అంతే. కూర్చోమనలేదు. కాసేపటికి ఆమే ఉండబట్టలేక చెప్పింది. నాన్న నంబరు ఎవడో బయటపెట్టాడట. నెలరోజులుగా పొద్దస్తమానం ఫోన్లు, బూతులు. నంబరు మార్చమంటే ఆయన వినలేదట. తిట్టినవాడి తిట్లన్నీ ఓపిగ్గా విని, ఏ ఊళ్ళో చూశావు బాబూ, హాల్లో ఎంతమంది ఉన్నారు అని అడుగుతారట. కొందరు పెట్టేస్తారట. కొందరు గొంతు తగ్గించి జవాబు చెప్తారట. చెప్తూ చెప్తూ ఆమె కళ్ళు తుడుచుకుంది. కిరీటికి ఎటు చూడాలో తెలియలేదు.

ఇంతలో మాస్టారు లోపల్నించి చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చారు. డెబ్బై ఒకటో ఏడు. మనిషి సన్నగా, పుల్లలా ఉంటారు.

"వచ్చావా? మంచి వేళకే వచ్చావు. మేట్నీకి పోదాం పద."

కిరీటి చెప్పదలుచుకున్నది నోట్లోనే ఉండిపోయింది. సరే, కారులో చెబుదామనుకున్నాడు. కారెక్కాక నేరుగా విషయంలోకి దిగే ధైర్యం చాల్లేదు. అందుకని డొంకతిరుగుడుగా ఫోన్ తీసి అభిమానులు రాసినవి ఒక్కొక్కటీ చదివి వినిపించసాగాడు. కొత్త కట్‌ని మెచ్చుకున్నవే ఏరి ఏరి చదివాడు. అందులో కాస్త కసి కూడా ఉంది, దాచడం ఎందుకు. మీరు కోసిందాన్నే జనం నెత్తిన పెట్టుకున్నారు చూడండి అని చెప్పకనే చెప్పడం.

మాస్టారు ఎర్రగడ్డ దాకా శ్రద్ధగా విన్నారు. విని అడిగారు.

"ఇదంతా చూసొచ్చాక రాసింది. చూస్తున్నప్పుడు ఎలా ఉన్నారు?"

కిరీటి ఫోన్ దించాడు. మొదటిరోజు తను బాల్కనీలో కూర్చుని తెరనే చూశాడు, అందరిలాగే.

మూసాపేట దాటాక ఒక పాత థియేటరు. తమ సినిమాయే ఆడుతోంది. మేనేజరు మస్తాన్‌వలి మాస్టారిని చూడగానే నమస్కారం పెట్టి, ఏమీ అడక్కుండా ఒక తాళంచెవి చేతికిచ్చాడు. కిరీటి మెట్లవైపు నడవబోయాడు. మాస్టారు అటు కాదని చెయ్యి పట్టుకుని, సైకిల్ స్టాండు పక్కనుంచి భవనం వెనక్కి తీసుకెళ్ళారు. అక్కడొక ఇనుప తలుపు. తాళం తీసి లోపలికి వెళ్తే చీకటి, దుమ్ము, బీరువాలంత స్పీకర్లు. వాటికి అవతల పైకంటా ఎత్తుగా తెర వీపు.

మాస్టారు జేబులోంచి దూది తీసి సగం కిరీటికిచ్చారు. చెవుల్లో పెట్టుకోమన్నారు. తెరకి కన్ను ఆనించి చూపించారు.

తెర నిండా సన్నసన్నని చిల్లులుంటాయి, వెనక స్పీకర్ల శబ్దం హాల్లోకి వెళ్ళడానికి. ఆ సంగతి కిరీటికి తెలుసు. వాటిలోంచి జనాన్ని చూడొచ్చని మాత్రం ఎప్పుడూ తట్టలేదు. ఆ ఆరేళ్ళలో మాస్టారు మధ్యాహ్నం కాగానే, మేట్నీకి వెళ్ళొస్తా అని గది తాళాలు ఇచ్చి వెళ్ళేవారు. పెద్దాయన ఏసీలో కునుకు తీయడానికి పోతున్నాడని అసిస్టెంట్లంతా చాటుగా నవ్వుకునేవాళ్ళు. అందరికంటే ఎక్కువ నవ్వింది కిరీటియే.

ఆట మొదలైంది. ప్రొజెక్టర్ వెలుగు కళ్ళలో పడకుండా తల కాస్త వంచి చూడాలి. అలా చూస్తే కుడిపక్క మొదటి ఏడెనిమిది వరసల ముఖాలు స్పష్టంగా కనబడుతున్నాయి. నలుగురు కుర్రాళ్ళు గొంగళ్ళు కప్పుకుని ముందు వరసలో ఉన్నారు. వాళ్ళ వెనక ఒక ఆటోడ్రైవరు, ఖాకీ చొక్కాతోనే. ఒకామె, పక్కన అత్తగారు కాబోలు. తను తీసిన సినిమాకి కిరీటి మొదటిసారి వీపు వైపు నిలబడ్డాడు.

బీరయ్య మొదటిసారి గాల్లోకి లేచినప్పుడు ఆ ముఖాలన్నీ ఒక్కసారిగా పైకి లేచాయి. కిరీటికి ప్రాణం లేచొచ్చింది. ఏనుగెక్కినంత సంబరపడ్డాడు.

ఇంటర్వెల్‌కి ముందు ఆకాశ యుద్ధం వచ్చింది. పదకొండు నిమిషాలు. మాస్టారు దీన్నే నాలుగు నిమిషాలు చేశారు. దీని కోసమే కిరీటి ఆయనతో మాట్లాడటం మానేశాడు. గొంగడి కుర్రాళ్ళు లేచి నిలబడి ఈలలు వేశారు. రెండు నిమిషాలు, మూడు నిమిషాలు. నాలుగో నిమిషంలో కూర్చున్నారు. ఆరో నిమిషంలో ఒకడు ఫోన్ తీశాడు. ఆ వెలుగు వాడి గడ్డం మీద పడింది. తర్వాత పక్కవాడి గడ్డం మీద. ఆటోడ్రైవరు లేచి బయటికి వెళ్ళాడు. అత్తగారు ఆవలించింది. పైన ఆకాశంలో పిడుగులు పడుతూనే ఉన్నాయి, కింద హాలంతా చుక్కలు చుక్కలుగా ఫోన్లు వెలిగాయి. యుద్ధం అయిపోగానే ఆ కుర్రాళ్ళే ఫోన్లు జేబులో పెట్టుకుని మళ్ళీ గట్టిగా ఈల వేశారు. వాళ్ళు అబద్ధం రాయలేదు. వాళ్ళకి గుర్తున్నది రాశారు.

కిరీటికి తల కొట్టేసినట్టయింది. ఇంటర్వెల్ లైట్లు వెలగగానే దూది లాగేసి ఇక పోదామన్నాడు. ఈ ముసలాయన తనకి బుద్ధి చెప్పడానికే ఇక్కడికి లాక్కొచ్చాడని కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది.

"ఇంకా సగం ఉంది," అన్నారు మాస్టారు. దూది కిందపడితే తీసి దులిపి ఇచ్చారు.

ఇంటర్వెల్ తర్వాత మొదటి సీను కిరీటికి సరిగ్గా గుర్తు కూడా లేదు. షూటింగులో ఒకరోజు వాన పట్టుకుంటే, యూనిట్ ఖాళీగా కూర్చుందని ఒక పాక కింద తీసేశాడు. ఒకటిన్నర నిమిషం. యుద్ధంలో గొంగడి చిరిగిపోతుంది. బీరయ్య ఇంటికొస్తాడు. వాళ్ళమ్మ ఎక్కడ చిరిగిందని అడగదు. ఒంటి మీద ఉండగానే, వెనక కూర్చుని దబ్బనంతో కుడుతుంది. కదలకు, గుచ్చుకుంటుంది అంటుంది. వంతెనని ఆపినవాడు ఊపిరి బిగబట్టి కూర్చుంటాడు. అంతే సీను. మాస్టారు మొదటి కట్‌లోనే దీన్ని తీసి పక్కన పడేశారు. కిరీటి ఆ ఊసే ఎత్తలేదు. మొన్న అన్నీ కలిపేటప్పుడు అన్నిటితోపాటు ఇదీ వచ్చి చేరింది. అభిమానులు రాసిన ఆ వేల మాటల్లో దీని గురించి ఒక్క ముక్క లేదు.

హాల్లో ఎవరూ కదల్లేదు.

ఆటోడ్రైవరు చేతిలో సమోసా ఉంది, నోటిదాకా వెళ్ళి ఆగింది. వెనక వరసలో కోడలు అత్తగారి వైపు తిరిగి చూసింది. అత్తగారు చూడలేదు, తెరనే చూస్తోంది. గొంగడి కప్పుకున్న కుర్రాడు ఒకడు, ఇందాక అందరికంటే గట్టిగా ఈల వేసినవాడు, భుజం మీద గొంగడిని చేత్తో తడుముకున్నాడు. వాడికే తెలియకుండా.

కిరీటి మాస్టారి చెయ్యి పట్టుకుని చూపిద్దామని పక్కకి తిరిగాడు. చూపించాల్సిన పని లేకపోయింది. మాస్టారు తెరకి నుదురు ఆనించి నిలబడ్డారు. చిల్లుల్లోంచి వచ్చిన వెలుగు ఆయన ముఖమంతా చుక్కలు పెట్టింది. చెంపల మీద తడి మెరుస్తోంది. ఆ సీను అయిపోయాక కూడా ఆయన చాలాసేపు కన్ను తీయలేదు.

ఆట వదిలారు. బయట ఎండ ఇంకా మండుతూనే ఉంది. సైకిల్ స్టాండు పక్కన టీకొట్టు దగ్గర ఇద్దరూ నిలబడ్డారు. మాస్టారు గ్లాసు పట్టుకున్నారు గాని తాగడం లేదు.

"ఆ తల్లి సీను తీసేసింది నేనే," అన్నారు. "యాభై ఏళ్ళ అనుభవం నాది. తప్పు చేశాను."

కిరీటి ఈ మాట ఊహించలేదు. పదకొండు నిమిషాల గురించి అంటారని, అనే హక్కు ఆయనకుందని, దానికి ఏం చెప్పాలో ఆ చీకట్లోనే వెతుక్కుంటూ వచ్చాడు. ఆయన ఆ ఊసే ఎత్తలేదు.

"దాన్ని తీసింది నేను మాస్టారూ," అన్నాడు. "దాని విలువ నాకే తెలియలేదు."

ఫోన్ మోగింది. నిర్మాత. ప్రకటన సిద్ధం, ఒక్కసారి చూసి సరే అంటే ఆరింటికి వదిలేస్తానని చెప్తున్నాడు. కిరీటి మాస్టారి ముందే మాట్లాడాడు. ప్రకటన వద్దన్నాడు. అవతలివాడు అభిమానులు ఊరుకోరని అరిచాడు. వాళ్ళతో తనే మాట్లాడతానన్నాడు కిరీటి. ఆ ఇంటర్వ్యూలో అన్న మాట తప్పని, అన్నచోటే కూర్చుని, ఈసారి మాస్టారి పేరు పెట్టి మరీ చెప్తానన్నాడు. అవతల ఇంకా ఏదో అంటూండగానే ఫోన్ పెట్టేశాడు.

మాస్టారు ఇవేవీ విననట్టే టీ ఊదుకుంటున్నారు. గేటు దగ్గర గొంగడి కుర్రాళ్ళు ఈ ఇద్దరి ముందునుంచే నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. పక్కనున్నది సినిమా తీసినవాడని గాని, ఆ రెండోవాడు తమ దండు ఫోన్లలో తిట్టిన ముసలాయనని గాని వాళ్ళకి తెలియదు.

కిరీటి ఆగలేకపోయాడు. ముఖం చెల్లకపోయినా అడిగేశాడు.

"రెండో భాగం మీరే చెయ్యాలి మాస్టారూ. చేస్తారా?"

మాస్టారు గ్లాసు బల్ల మీద పెట్టారు. మస్తాన్‌వలికి తిరిగి ఇద్దామని తాళంచెవి జేబులోంచి తీసి, ఆగి, కిరీటి అరచేతిలో పెట్టారు.

"రేపు మేట్నీకి రా. ఇవాళ మనం కుడిపక్క కూర్చున్నవాళ్ళనే చూశాం."