కలలో కట్టిన రుసుము

ఏటి మంచులో సగం మునిగి, సగం తేలుతూ ఒకానొక రాజ్యం ఉండేది. పేరు మంజుకోన. అక్కడ సూర్యుడికి కూడా తొందర లేదు. ఒక కన్ను తెరిచి, మళ్ళీ మూసి, ఊరంతా ఆవలించాక తీరిగ్గా లేచేవాడు.

ఆ రాజ్యాన్ని ఏలేవాడు గజకేసరి మహారాజు. ఆయన గురక పెడితే కోట బురుజు మీది పావురాలు లేచి, మూడు కోసుల అవతల గానీ వాలేవి కావు. ఆయన మీసాలు ముందు సభలోకి వచ్చేవి. మహారాజు ఒక గడియ తరవాత వచ్చేవాడు. అబద్ధమైతే ఆ మీసాల మీదే ఒట్టు!

ఆ సభలో ఒక వింత ఆచారం ఉండేది. పొద్దున్నే రాజుగారు రాత్రి తనకొచ్చిన కల చెప్పాలి. రాయసం దుగ్గన దాన్ని తాటాకు మీద గీకాలి. అంతే, అది శాసనం. ‘రాజు కల అబద్ధమాడదు’ అని మహారాజు నమ్మకం. ఒకసారి ఆకుపచ్చ ఏనుగులు కలలోకి వస్తే, గజశాలలోని ఏనుగులన్నిటికీ ఆకుపచ్చ రంగు పూశారు. ఇంకోసారి చేపలు పాట పాడాయని, వల వేసే ముందు చేపల్ని క్షమాపణ అడగమన్నారు. పోనీలే, వాటివల్ల ఎవరికీ నష్టం లేదు.

కానీ చైత్రంలో ఒక కల వచ్చింది. న్యాయస్థానం గుమ్మం ముందు బంగారు ఆకులు రాలుతున్నాయట. “అంటే అర్జీదారులు బంగారం రాల్చాలన్నమాట!” అన్నాడు మహారాజు. ఆ రోజు నుంచి విడాకుల అర్జీకి ఇంత, కబురుకు ఇంత, ముద్రకు ఇంత అని రుసుములు వెలిశాయి.

సభలో హాస్యం చెప్పే కొండుభట్టు ఆ రోజు తల పట్టుకున్నాడు. మనిషి తుంగపోచలా ఉంటాడు గానీ, అతను పెదవి విరిస్తే ఏడుగురు పండితులు ఒకేసారి పద్యం మరిచిపోయేవారు. పొరుగు దేశపు మంత్రి అతని మాటకు నవ్వీ నవ్వీ పన్ను ఊడగొట్టుకున్నాడు. 

జ్యేష్ఠమాసం, బుధవారం. న్యాయస్థానం మెట్ల మీద నాంచారి కూర్చుని ఉంది. తుంగ చాపలు అల్లే మనిషి. ఆమె చాప మీద పడుకుంటే ఏటి గాలి మీద పడుకున్నట్టే ఉంటుందని పేరు.

“ఏమ్మా నాంచారీ, ఇక్కడున్నావేం?” అన్నాడు కొండుభట్టు.

“విడాకులకి వచ్చాను సామీ. నా మొగుడు గురవడు ఏరు దాటి ఇంకో కాపురం పెట్టి ఏడేళ్ళయింది. ఏటా వస్తాడు, అల్లిన చాపలన్నీ అమ్ముకుపోతాడు. ఈ శుక్రవారం బండి తెచ్చి మగ్గమే పట్టుకుపోతానని కబురంపాడు. అర్జీ లోపలికి పోతే చాలట, తీర్పు వచ్చేదాకా ఇంట్లో పుల్ల కూడా ఎవరూ కదపకూడదట. కానీ ఈ రుసుములే నాకు బోధపడటం లేదు.”

కొండుభట్టు దుగ్గన వైపు తిరిగాడు. “ఏమిటయ్యా లెక్క?”

“అర్జీకి ఐదు వరహాలు. మగడికి కబురు మోసే బంటుకి నాలుగు. ముద్రకి మూడు. మొత్తం పన్నెండు, భట్టుగారూ.”

“బీదవాళ్ళకి మినహాయింపు లేదూ?”

“ఎందుకు లేదు? బ్రహ్మాండంగా ఉంది. మినహాయింపు అర్జీకి ఆరు వరహాలు.”

“ఆ ఆరూ లేకపోతే?”

“దానికో అర్జీ పెట్టుకోవాలి,” అన్నాడు దుగ్గన, ఘంటం చెవిలో తిప్పుకుంటూ.

నాంచారి నవ్వలేదు. “నేను ఏడాదంతా అల్లినా మూడు వరహాలు చూడను సామీ. మగ్గం పోతే అవీ లేవు.”

కొండుభట్టు ఆమె పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. తరవాత నెమ్మదిగా అడిగాడు. “నీ చాప ఒకటి ఈ పూటకి అరువిస్తావా?”

మర్నాడు సభ సగం నిద్రలో తేలుతోంది. వింజామరలు నీటిలో ఊగినట్టు ఊగుతున్నాయి. సాంబ్రాణి పొగలో మంత్రుల తలలు మొగ్గల్లా వాలిపోతున్నాయి. మహారాజు తన కల చెప్పాడు. “రాత్రి మేము చంద్రుడి వీపు మీదెక్కి ఏడు నదులు ఈదాము.”

“ఆహా!” అన్నారు అందరూ, కళ్ళు మూసుకునే.

“ప్రభూ, నాకూ ఒక కల వచ్చింది,” అన్నాడు కొండుభట్టు.

“నీకా? మీబోటివాళ్ళకి వచ్చేది కల కాదోయ్, అజీర్తి!”

“చిత్తం. కానీ అందులో తమరున్నారు.”

మహారాజు మీసాలు రెండూ ఒకేసారి లేచాయి. “మేమున్నామా? ఎలా ఉన్నాం?”

“తెల్లటి ఏరు ప్రభూ. నడిమధ్య వెయ్యి రేకుల తామర మీద తమరు. వెన్నెల తమ పాదాల దగ్గర పిల్లిలా ముడుచుకుని పడుకుంది. అంతలో చాపలల్లే నాంచారి చంకలో చాపచుట్టతో నీళ్ళ మీద నడిచి వచ్చింది. చాప విప్పింది. పన్నెండు వరహాలు మిణుగురుల్లా లేచి తమ అరచేతిలో వాలాయి. తమరు రెండుసార్లు లెక్కపెట్టి, ‘రుసుము ముట్టింది, నీ అర్జీ తీసుకున్నాం’ అన్నారు.”

“మా గొంతు ఎలా ఉంది?”

“మేఘం మృదంగం వాయించినట్టుంది.”

“మాదే! ఆ మాట మాదే!” మహారాజు తొడ చరిచాడు. “అంత గంభీరంగా ఇంకెవరంటారు?”

“సభ విన్నది కదా! దుగ్గనా, రాసుకో. నాంచారి రుసుము ముట్టింది,” అన్నాడు కొండుభట్టు.

దుగ్గన రుసుముల పెట్టె తెరిచి చూశాడు. తలకిందులు చేశాడు. ఒక బల్లి పడింది.

“ఓరి కొండుభట్టూ! కలలో ఇచ్చిన వరహాలు పెట్టెలో పడతాయట్రా?”

“కలలో రాలిన ఆకులకి మెలకువలో బంగారం అడుగుతున్నాం కదా ప్రభూ? కలలో పుట్టిన రుసుము కలలో కడితే తప్పేమిటి?”

“అది రాజు కల! ఇది నీ కల!”

“కన్నది నేనే ప్రభూ, అన్నది తమరు. మాట మాదే అని ఇప్పుడే సెలవిచ్చారు. కలలో రాజు మాట చెల్లదంటే చెప్పండి, తాటాకులన్నీ ఏట్లో కలిపేస్తాను. ఏనుగుల్ని కడగడానికి మాత్రం నాలుగు రోజులు గడువు కావాలి.”

సభలో వింజామరలు ఆగిపోయాయి. మహారాజు మీసం దువ్వుకున్నాడు. చివరికి చిన్న గొంతుతో అడిగాడు. “అంత మంచి కల ఎక్కడ పడుకుంటే వచ్చిందిరా?”

“నాంచారి చాప మీద. తమ పట్టుపరుపు మీద పరిచే చల్లటి చాపా ఆమె అల్లిందే. రేపు ఆ మగ్గం బండెక్కితే పై వేసవికి చాప లేదు. చాప లేకపోతే తమకి నిద్ర లేదు. నిద్ర లేకపోతే కల లేదు. ఇక రాజ్యం ఎలా నడుస్తుంది ప్రభూ?”

మహారాజు నవ్వాడు. ఏం నవ్వు! సింహాసనం నాలుగు అంగుళాలు వెనక్కి జరిగింది. ఆ అదురుకి ఏనుగుల మీది ఆకుపచ్చ రంగు దానంతటదే రాలిపోయింది. చూసినవాళ్ళు చెప్పిన మాటే ఇది.

“రాసుకో దుగ్గనా! విడాకుల అర్జీకి తాతగారి నాటిలాగే ఒక్క రాగి కాసు. కబురుకీ ముద్రకీ ఏమీ లేదు. అదీ లేనివాళ్ళకి ఇరుగొకరు, పొరుగొకరు ‘అవును, వీళ్ళ దగ్గర కాసు లేదు’ అంటే చాలు. కొండుభట్టూ, కలలో మాకు ముట్టిన పన్నెండు వరహాలూ నీకే బహుమానం!”

“కలలోనా ప్రభూ, మెలకువలోనా?”

మహారాజు మళ్ళీ నవ్వి, ఈసారి నిజం వరహాలే అతని ఒడిలో పోశాడు.

శుక్రవారం గురవడి బండి వచ్చింది. మగ్గానికి వేలాడుతున్న రాజముద్ర చూసి, వట్టి బండే తోలుకుపోయాడు. నెల తిరక్కుండా తీర్పు వచ్చింది. ఆచారం ప్రకారం ఇద్దరూ చెరో కొసా పట్టుకుని ఒక ఆకు చించాలి. నాంచారి ఒక తుంగపోచ తెచ్చింది. అది చప్పుడైనా చేయకుండా తెగింది.

ఆ మర్నాడు సభలో రాజుగారి కల ఏమిటని అడిగారు.

“ఏమీ రాలేదు,” అన్నాడు గజకేసరి మహారాజు ఒళ్ళు విరుచుకుంటూ. “హాయిగా నిద్రపోయాం.”

ఆ రోజు మంజుకోనలో కొత్త శాసనం లేదు. రాజ్యమంతా మరో గడియ పడుకుంది.