టాకీసు దగ్గర ఎడమకి

...అందుకనే మళ్ళీ మొదట్నుంచి చెప్తున్నానమ్మా కిరణ్మయీ, ఇందాక అంతా చెప్పేశాక చూసుకుంటే వాయిస్ మెసేజ్ రికార్డే అవ్వలేదు. ఆలస్యమైందని ఏమీ అనుకోకు. నువ్వడిగింది చిన్న ప్రశ్నే. "అక్కా, నా ప్రోగ్రాం ఇన్‌స్టాల్ చేసుకునే పద్ధతి అంత వివరంగా రాసి పెట్టాను కదా, జనం అది చదవకుండా మళ్ళీ నన్నే ఎందుకడుగుతారు?" అన్నావు. ఇదే ప్రశ్న నీకంటే ముందు మాతోపాటు నేర్చుకున్న జయకర్ అడిగాడు, సదానందం మాస్టారిని. ఆయన జవాబు చెప్పలేదు. ఊరగాయ తెమ్మన్నారు.

మాస్టారు రిటైరయ్యాక ఏలూరులో వాళ్ళింటి వసారాలోనే మాకు కంప్యూటర్లో యూనిక్సూ లినక్సూ నేర్పేవారు. ఆయనకో అలవాటుండేది. ఎవరేం అడిగినా ముందు ఏదో ఒక పని పురమాయించేవారు. పని అయ్యాక జవాబు చెప్పేవారా అంటే, అదీ లేదు! జయకర్ అప్పటికే ఒక ప్రోగ్రాం రాసి ఊరికే అందరికీ ఇస్తున్నాడు. తెలుగులో టైపు చేసింది బ్రెయిలీలోకి మారుస్తుంది, అదే, చూపులేని పిల్లలు వేళ్ళతో తడిమి చదువుకునే చుక్కల అక్షరాల్లోకి. అయితే అది తయారు సరుకు కాదు. ముడి రూపంలో తెచ్చుకుని ఎవరి మెషీన్లో వాళ్ళు కట్టుకోవాలి. ముందు కాన్ఫిగర్ నడపాలి, కావలసినవన్నీ మెషీన్లో ఉన్నాయో లేదో అది వెతుకుతుంది. తర్వాత మేక్ అంటే ప్రోగ్రాం తయారవుతుంది, దాన్ని మెషీన్లో కూర్చోబెట్టటానికి మేక్ ఇన్‌స్టాల్. ఎలా కట్టుకోవాలో చెప్పే పేజీలో మనవాడు రాసింది ఆ మూడు ముక్కలే, కింద "అంతే" అని.

రెహానా టీచరని, అంధుల బడిలో చెప్పేవారు, ఆవిడ ఆ కాన్ఫిగర్ దగ్గరే ఆగిపోయారు. సోమవారం నుంచి పరీక్షలు. ప్రశ్నపత్రం చుక్కల్లో రాకపోతే ఎప్పటిలాగే ఎవరో ఒకరు పక్కన కూర్చుని చదివి వినిపించాలి. "ఈసారి మా ప్రశ్నలు మేమే చదువుకుంటామని పిల్లలు సంబరపడుతున్నారు సార్, వాళ్ళకి లేదని ఎలా చెప్పను?" అని ఫోన్లో ఒకటే బతిమాలటం. వీడేమో "అంతా పేజీలో ఉందండీ" అనేవాడు. ఆవిడ అడిగినప్పుడల్లా ఆ పేజీలో అక్షరాలు పెద్దవి చేసేవాడు. "చదవండి" కాస్తా "జాగ్రత్తగా చదవండి" అయింది, ఆనక దానికి ఎర్రరంగు పడింది. మొదటి అక్షరం నుంచి చివరిదాకా మనిషిని కసిరినట్టుండేదనుకో.

ఆ శనివారం పొద్దున్నే వచ్చి, "జనం ఎందుకు చదవరు మాస్టారూ?" అన్నాడు. మాస్టారు కళ్ళజోడు తుడుచుకుంటూ, "మా అక్కయ్య దబ్బకాయ పెట్టింది, వెళ్ళి తీసుకురావయ్యా. వంతెన దిగి టాకీసు దగ్గర ఎడమకి తిరుగు. వేపచెట్టు దాటి రంగనాథం గారి గోడ వెంబడే పో. పచ్చగేటు" అన్నారు. "అంతే" అని కూడా అన్నారు. నేనక్కడే కూర్చునున్నా, నా చెవులతో విన్నా.

వెళ్ళినవాడు ఎంతకీ రాడే! చివరికి ఫోన్ చేశాడు. "మాస్టారూ, ఇక్కడ టాకీసేం లేదండీ." ఈయన, "టాకీసు దగ్గర ఎడమకయ్యా!" అన్నారు. వాడు మళ్ళీ చేశాడు. ఈయన ముక్క మార్చకుండా అదే మాట, కాకపోతే వీధిలోకి వినిపించేంత గట్టిగా. నాకు నవ్వాగలేదు. మాస్టారి భార్య లోపల్నుంచొచ్చి, "ఎందుకండీ ఆ పిల్లాణ్ణి అలా అరుస్తారు?" అని కూకలేసి, వాడికి ఆడపడుచు నెంబరిచ్చారు.

ఆ అక్కగారు, సుభాషిణమ్మగారు, టాకీసు ఊసే ఎత్తలేదట. "ఇప్పుడెక్కడ నిలబడ్డావు నాయనా? నీ ఎదురుగా ఏం కనిపిస్తోంది?" అన్నారట. మందుల షాపన్నాడు. "దాని పక్క సందులోకి రా, రాగానే కుక్క మొరుగుతుంది, మొరిగిందంటే నువ్వు సరిగ్గా వచ్చినట్టే. నేను గేటు దగ్గరుంటా" అన్నారట. కుక్క మొరిగింది, జాడీ దొరికింది.

చెమటలు కక్కుకుంటూ వచ్చి జాడీ ఠపీమని పెట్టాడు. "ఆ టాకీసు పడగొట్టి కల్యాణమండపం కట్టారండీ. చెట్టు లేదు. రంగనాథం గారూ లేరు, గోడా లేదు, అక్కడ అపార్ట్‌మెంట్లు. గేటుకి గోధుమరంగు వేశారు! మీరు చెప్పినవాటిలో ఒక్కటి లేదు మాస్టారూ!"

మాస్టారు నిజంగా ఆశ్చర్యపోయినట్టు చూశారు. "అదేంటయ్యా, నాకు రోజూ కనిపిస్తూనే ఉంటేనూ!" అన్నారు.

వాడు ఆ ఎర్రరంగు పేజీ తెరిచి చూసుకున్నాడు. తన ల్యాప్‌టాప్ పక్కన పెట్టి వసారాలో ఉన్న మెషీన్ మీద కొత్త యూజర్ తెరిచాడు, వాడి పాత సరంజామా ఏదీ లేకుండా. తను రాసింది తనే చేసుకుంటూ పోయాడు. పోవటమేముంది, మొదటి మెట్టు మీదే బోర్లాపడ్డాడు! దానికి కావలసిన లైబ్రరీ ఒకటి, అంటే ప్రోగ్రాం వాడుకునే ఇంకో ముక్క, ఎప్పుడో తన సొంత ఫోల్డర్లో పెట్టుకుని మర్చిపోయాడు. వాడి మెషీన్ ప్రతిసారీ అక్కడికెళ్ళి తెచ్చుకుంటోంది. రెహానా టీచర్ మెషీన్ ఎక్కడికెళ్తుంది పాపం?

వెంటనే ఆవిడకి ఫోన్ చేశాడు. "టీచర్ గారూ, ఇప్పుడు మీ స్క్రీన్ మీద ఏం కనిపిస్తోంది?" ఆవిడ, "ఇన్నాళ్ళకి అడిగారా సార్!" అన్నారు, నవ్వారు కూడా. ఆవిడ చదువుతుంటే వీడు రాసుకున్నాడు. ఏ లైబ్రరీ కావాలో, దాన్నెలా తెచ్చుకోవాలో, ఏ ఫోల్డర్లోకి వెళ్ళి మొదలుపెట్టాలో, ఒక్కో మెట్టు తర్వాత ఏ మాట వస్తే సరిగ్గా వచ్చినట్టో. కుక్క మొరిగినట్టన్నమాట! పొద్దు వాలేసరికి బ్రెయిలీ ప్రింటర్ టకటకా కొట్టుకుంటున్న చప్పుడు ఫోన్లో మాక్కూడా వినిపించింది. దాని వెనకాల పిల్లల గోల, "నాకు ముందు, నాకు ముందు" అని. ప్రశ్నపత్రాల కోసం అంత కొట్లాట ఎక్కడైనా విన్నావా నువ్వు?

ఆ తర్వాత ఎర్రరంగంతా తీసేసి కొత్తగా రాసిన పేజీ మాస్టారికి చూపించాడు. "ఇక దీన్ని ముట్టుకోనక్కర్లేదండీ, ఎవరైనా కట్టేసుకోవచ్చు" అన్నాడు. ఆ రోజు వాణ్ణి కావాలనే తిప్పారా మాస్టారూ అని నేనడిగాను. "ఊరగాయ అయిపోయిందమ్మా" అన్నారంతే. పేజీ మొత్తం చదివి, కళ్ళజోడు తీసి, "బావుందయ్యా. ఇంతకీ ఆ మందుల షాపు ఎన్నాళ్ళుంటుందంటావు?" అన్నారు.

ఇప్పుడు నీ పేజీ సంగతికొస్తే కిరణ్మయీ, నువ్వది రాసి ఎన్నాళ్ళ— ఆఁ, వస్తున్నా బాబూ! గ్యాస్ బండ వచ్చిందే. ఓటీపీ ఈ ఫోన్‌కే వస్తుంది, ఉండు, పెట్టేస్తు—